ఆయన పుస్తకాల్లో నా గీతలు

ఆ మనిషి నాకు మొదటిరోజే నచ్చలేదు. తర్వాత జరిగినదాన్ని మనసులో పెట్టుకొని ఇట్లా రాస్తోందని ఎవరైనా అనుకుంటారేమోనని ముందే చెప్తున్నా. జరగకముందు కూడా నచ్చలేదు. జరిగినాక నచ్చకపోవడానికి ఒక కారణం దొరికింది, అంతే.

హిందూపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పద్నాలుగేండ్లు తెలుగు చెప్పినాను. పిల్లలకు మార్కులు బాగా పడతాయని యాజమాన్యం తెలుగు తీసేసి సంస్కృతం పెట్టింది. "మీరు కూడా సంస్కృతం నేర్చుకోండి మేడమ్, రెండు నెలల పని" అన్నాడు ప్రిన్సిపాలు. నేను నేర్చుకోలేదు. ఇంట్లో కూర్చున్నా. చిలమత్తూరులో అద్దె ఇల్లు, నేనూ అమ్మా. నాయన పోయినాక అమ్మను ధర్మవరం నుంచి నా దగ్గరికి తెచ్చుకున్నాను.

మా వీధిలో ఒకామె ఊరి బయట ఒక ఫామ్ హౌసులో వంట చేసేది. ఆదివారం చర్చికి పోనిస్తేనే వస్తానని మాట తీసుకొని చేరిన మనిషి. ఆమె ఒకరోజు మా గడప దగ్గర నిలబడి చెప్పింది.

"అక్కా, మా సారుకు పుస్తకాలు లారీలో వచ్చిండాయి. హాలంతా అట్టపెట్టెలే. సర్దేదానికి చదువుకున్నోళ్ళు కావాలంట. నువ్వు పోతావా?"

ఆ సారు పుట్టింది అనంతపురంలో. బెంగళూరులో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టినాడు. పేపర్లో ఆయన ఫోటో వేసి మన జిల్లా బిడ్డ అని రాస్తారు. కర్ణాటక పొలిమేర పక్కన, వేరుశెనగ పండే చేలు కొని చుట్టూ గోడ కట్టి లోపల ఇల్లు కట్టుకున్నాడు. ఇంటి ముందర పచ్చగడ్డి. బోరు ఎండిపోతే ఆ గడ్డికి ట్యాంకరుతో నీళ్ళు తోలుతారు. అదే ట్యాంకరు మా వీధికి మూడు రోజులకొకసారి వస్తుంది.

మొదటిరోజు నన్ను ఆయన ఒక పెద్ద కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఎదురుగా బల్లమీద ల్యాప్‌టాపు పెట్టి దాంట్లోకి చూస్తూ నిలబడినాడు. నన్ను ఏమో అడుగుతాడని నేను చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నా. ఆయన చూస్తున్నది నన్ను కాదు.

"మీ భుజాల పక్కన ఏ అరలు కనపడతాండాయో చూస్తాండా మేడమ్" అన్నాడు. "వీడియో కాల్స్‌లో అవే కదా కనిపించేది. ఎడమపక్క బిజినెస్ వాళ్ళ జీవితకథలు పెట్టండి. కుడిపక్క ఫిలాసఫీ. తలకాయ పైన కొంచెం తెలుగు ఉండాల. రూట్స్ కనపడాల కదా."

"తెలుగులో ఏవి కావాలి సార్?"

"మీకు తెలుసు కదా. లావుగా ఉండేవి చూడండి."

ఆ మాట అన్న మనిషిని పేపర్లు గొప్ప చదువరి అని రాసేవి. ప్రతి శనివారం పొద్దున ఈ వారం నేను చదివిన పుస్తకాలు అని ఒక ఫోటో పెట్టేవాడు. కింద వేలమంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టేవాళ్ళు. ఆ ఫోటో ఎట్లా తీస్తారో నేను చూసినా. వంటామె కాఫీ కలిపి తెచ్చి బల్లమీద పెట్టాల. పుస్తకం సరిగ్గా నడిమికి తెరిచి పక్కన బోర్లించాల. కళ్ళద్దాలు దానిమీద పెట్టాల. ఆయనకు కళ్ళద్దాల అవసరమే లేదు. ఫోటో సరిగ్గా వచ్చేసరికి కాఫీ చల్లారిపోయేది, ఆమె తీసుకుపోయి పారబోసేది.

చదవడం మాత్రం కార్లో. ఎవరో పుస్తకం సారాన్ని చదివి రికార్డు చేసి అమ్ముతారంట, దాన్ని రెండింతల వేగంతో వింటాడు. "దేవనహళ్ళిలో మొదలుపెడితే బాగేపల్లి వచ్చేలోపల, గంటలో ఒక పుస్తకం అయిపోతుంది మేడమ్" అని నాతోనే చెప్పినాడు. చెప్పేటప్పుడు సిగ్గుపడలేదు. నేను ఏమనుకుంటానో అన్న ఆలోచన కూడా లేదు. అట్లాంటి విషయాల్లో ఆయన నన్ను మనిషికింద లెక్కవేసేవాడు కాదు, కుర్చీ మాదిరే.

మూడో నెలలో అనుకుంటా, బెంగళూరు నుంచి ఒక పెద్దమనిషి భోజనానికి వచ్చినాడు. ఆయన నిజంగా చదివేవాడులా ఉన్నాడు. అన్నం తినకముందే అరల దగ్గరికి పోయి ఒక పుస్తకం తీసినాడు. మా సారు ఎన్నోసార్లు తన జీవితాన్ని మార్చిన పుస్తకం అని చెప్పుకున్నదే అది. దాని కాగితాలు కొన్ని ఇంకా ఒకదానికొకటి అంటుకొనే ఉన్నాయి. ఆ పెద్దమనిషి వాటిని గోరుతో విడదీసి, మా సారు వైపు చూసి నవ్వి, మళ్ళీ అరలో పెట్టినాడు.

మరుసటి వారం మా సారు ఒక పెన్సిళ్ళ డబ్బా తెచ్చి నా ముందర పెట్టినాడు.

"మేడమ్, చదివినట్టు ఉండాల."

"అంటే?"

"అక్కడక్కడ గీతలు గీయండి. పక్కన ఏమన్నా రాయండి. నిజం, ఆలోచించాల్సిన మాట, అట్లా. మీరెట్లాగూ చదువుతారు కదా."

నేను ఎప్పుడూ పుస్తకంలో గీత గీసిన మనిషిని కాదు. మా ఇంట్లో పుస్తకాలన్నీ అద్దె అంగడివి. మరక పడితే అంగడాయన తిరిగి తీసుకోడు. అదొకటి. రెండోది, మాది పట్టుమగ్గం ఇల్లు. చేతులు కడుక్కోకుండా పడుగు పోగుల్ని ముట్టుకోకూడదు. నాయన ఆ నియమాన్నే పుస్తకానికీ పెట్టినాడు. ఆయనకు సంతకం తప్ప ఇంకేమీ రాయను రాదు. అయినా నేను పుస్తకం పట్టుకునే ముందర చేతులు చూపించమనేవాడు.

అట్లాంటి నేను ఆ పెన్సిలు తీసుకున్నా. వద్దనలేదు. దీనికి ఇంకెవరినీ తిట్టేది లేదు.

మొదటి కొన్ని పుస్తకాల్లో దొంగగీతలే గీసినా. పేజీకి ఒకటి, రెండు పేజీలకు ఒకటి. పక్కన 'నిజం' అని రాసేదాన్ని. తర్వాత తర్వాత నిజంగానే చదవడం మొదలుపెట్టినా. తెలుగు అరలో పుస్తకాలు నేను ఏరి తెప్పించినవే. నాతో పుస్తకాల గురించి మాట్లాడే మనిషి అప్పటికి ఎవరూ లేరు. కాలేజీలో ఉన్నప్పుడూ లేరు, కానీ క్లాసులో నేనే మాట్లాడుకునేదాన్ని. ఇప్పుడు అది కూడా లేదు. ఆ పెద్ద హాల్లో ఒక్కదాన్నే కూర్చొని అంచుల్లో రాసుకోవడం మొదలుపెట్టినా. ఈ మాట అబద్ధం అని రాసేదాన్ని. ఈ ఆడమనిషి ఇట్లా అనదు, మా ఊర్లో అయితే చేతిలో ఉన్నది విసిరేస్తుంది అని రాసేదాన్ని. రోజంతా ఎవరికీ చెప్పని మాటలు అక్కడ రాసిపెట్టి సాయంత్రం ఇంటికి పోయేదాన్ని. సంతోషంగా ఉండేది. ఆ మనిషి ఇంట్లో, ఆ మనిషి పెన్సిలుతో నాకు సంతోషం దొరికిందని ఒప్పుకోవడానికి ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

ఒక పాత నవలలో కూతురు నాయనకు ఉత్తరం చదివి వినిపించే చోటు ఉంది. దాని పక్కన మా నాయన గురించి రాసినా. చోటు చాలక తర్వాతి పేజీ అంచులోకి కూడా పోయింది. రాసింది ఇదీ: నేను బడినుంచి వచ్చినాక మగ్గం పక్కన కూర్చొని వారపత్రికలో సీరియల్ గట్టిగా చదివేదాన్ని. నాయన నేస్తూనే వినేవాడు. కథ చప్పగా ఉంటే మగ్గం చప్పుడు జోరుగా ఉండేది. కథ పట్టుకున్నచోట మగ్గం నిలిచిపోయేది. "ఆ మాట ఇంకోతూరి సదువు పాపా" అనేవాడు. నేను మళ్ళీ చదివేదాన్ని. ఏది మంచి వాక్యమో నాకు తెలిసింది మగ్గం ఆగడంవల్ల. ఇంతే. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. ఆ అంచులో మొదటిసారి రాసినా.

ధర్మవరంలో నేతవాళ్ళ పిల్లలకు పుస్తకాలు పంచే సభ ఒకటి ఒక కళ్యాణమంటపంలో పెట్టినారు. పుస్తకాలు ఇచ్చేది మా సారే. తెలుగు పుస్తకాలు ఏరి తీసుకురమ్మని నన్ను పిలిచినాడు. మన మనుషులందరూ అక్కడే ఉన్నారు కదా, చూసినట్టుంటుందని అమ్మను కూడా తీసుకుపోయినా. అమ్మ ఇంట్లో నేసిన చీర కట్టుకొని వచ్చింది. ముందర నుంచి మూడో వరుసలో కూర్చున్నాం.

స్టేజీమీద ఒకాయన అడిగినాడు. "సార్, ఇన్ని పుస్తకాలు చదివినారు కదా, మీకు చదువుమీద ఇష్టం ఎట్లా వచ్చింది?"

మా సారు కొంచెంసేపు తల వంచుకొని కూర్చున్నాడు. తర్వాత మైకు దగ్గరికి జరిగినాడు.

"మా ఇంట్లో మగ్గం ఉండేది" అన్నాడు.

నాకు మొదట ఏమీ అనిపించలేదు. వాళ్ళ నాయనకు అనంతపురంలో రెండు నూనెమిల్లులు ఉండేవని ఆయనే ఫోన్లో ఎవరితోనో చెప్తుంటే విన్నా. తాతకాలంలో మగ్గం ఉండిందేమో అనుకున్నా.

"మా నాయనకు చదువు రాదు. నేను మగ్గం పక్కన కూర్చొని కథలు చదివేవాణ్ణి. కథ బాగుండే చోట మగ్గం ఆగిపోయేది. ఆ మాట ఇంకోసారి చదువు నాయనా అనేవాడు. ఏది మంచి వాక్యమో నాకు నేర్పింది ఆ మగ్గం."

మంటపంలో ఉన్నవాళ్ళు సగంమంది మగ్గాలమీద బతికేవాళ్ళు. వాళ్ళు చప్పట్లు కొట్టలేదు, అంతకంటే ఎక్కువ చేసినారు. నా ముందు వరుసలో ఒక ముసలాయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. లేచి అరవాలనుకున్నా. అరవలేదు.

అమ్మ నా చేయి తట్టింది. మొహం వెలిగిపోతోంది.

"సూస్తివా పాపా. ఆయప్ప నాయన గూడ మీ నాయన మాదిరే ఉండాడే."

పుస్తకాలు పంచడం అయిపోయేదాకా కూర్చున్నాం. ఆయన కారు దగ్గరికి పోతూ నన్ను చూసి తల ఊపినాడు. మామూలుగా ఊపినట్టే. భయం లేదు, సిగ్గు లేదు. ఆ రాత నాది అన్న సంగతి ఆయనకు గుర్తుందో లేదో కూడా నాకు తెలియలేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. కొంతదూరం ఆ మాటే చెప్తూ వచ్చింది, ఎంత పెద్దోడైనా నాయన్ని మరిచిపోలేదు చూడు అని. తర్వాత మాట తగ్గింది. కొత్తచెరువులో బస్సు మారాల. స్టాండులో బెంచీమీద కూర్చున్నాం. టీ తెచ్చి చేతికిస్తే తాగకుండా పట్టుకుంది.

"ఇంకోతూరి సదువు అనేది గూడ అచ్చం అంతేనే" అంది. "అదెట్లా?"

నేను చెప్పినా. పెన్సిళ్ళ డబ్బా సంగతి నుంచి అంతా చెప్పినా. అమ్మ వింటూ ఉంది. టీ మీద మీగడ కట్టింది. హిందూపురం బస్సు వచ్చి నిలబడింది, మనుషులు ఎక్కినారు, బస్సు పోయింది. మేం లేవలేదు.

"ఆయప్ప ఇంటికి ఎప్పుడొస్తాడు?" అని అడిగింది చివరికి.

"శుక్రవారం సాయంత్రం వస్తాడు. శనివారం పొద్దున ఉంటాడు."

"శనివారం నన్ను తోడుకొని పో."

ఆ వారమంతా నేను ఒక్క పని చేసినా. రబ్బర్లు కొనుక్కొని పోయి తెలుగు అరనుంచి మొదలుపెట్టి నా రాతలన్నీ తుడిచినా. గీతలు తొందరగా పోతాయి, రాతలు పోవు. గట్టిగా అదిమి రాసినచోట కాగితం మీద గాడి మిగిలిపోతుంది. మూడోరోజు వంటామె వచ్చి నిలబడింది. ఏం చేస్తున్నావక్కా అంటే ఆమెకు కూడా చెప్పినా.

"నా బైబిల్లో నేనూ గీసుకుంటా" అంది ఆమె. "యాడ ఏడిసినానో ఆడ గీత ఉంటాది. నా గీతలు సూసి ఎవురన్నా చర్చిలో లేసి అది తన సంగతే అని సాచ్చెం చెబితే, నేను మెత్తగా ఉంటానా?"

పొయ్యిమీద పప్పు పెట్టి వచ్చి ఆమె కూడా ఒక రబ్బరు తీసుకుంది. ఇంగ్లీషు అరల్లో నా దొంగగీతలు ఆమె తుడిచింది. శుక్రవారానికి ఆ హాల్లో రబ్బరు పొట్టు చీపురుతో ఊడ్చేంత పడింది.

శనివారం పొద్దున అమ్మను ఆటోలో తీసుకుపోయినా. అప్పటికి ఆయన లేచి ఫోన్లో మాట్లాడుతూ గడ్డిలో తిరుగుతున్నాడు. మేం హాల్లోకి పోయినాం. అమ్మ చుట్టూ చూసి, కెమెరాకు ఎదురుగా ఉండే ఆ పెద్ద కుర్చీలోనే కూర్చుంది. నేను మిగిలిన రెండు పుస్తకాలు తీసి తుడవడానికి కూర్చున్నా.

ఆయన వచ్చి వాకిలి దగ్గర ఆగినాడు.

"ఏం జరుగుతాంది ఈడ?"

"నా రాతలు తుడుస్తున్నా సార్."

"ఎవరు తుడవమన్నారు?"

"గీయమన్నది మీరు. తుడవమని ఎవరూ చెప్పలేదు."

"అవి నా పుస్తకాలు మేడమ్."

"పుస్తకాలు మీవే. పెన్సిలు కూడా మీదే. మా నాయన మీ నాయన కాదు."

అప్పుడు ఆయనకు అర్థమైంది. కుర్చీలో ఉన్న మనిషిని చూసినాడు.

"ఈమె ఎవరు?"

"మా అమ్మ."

అమ్మ లేవలేదు. "రా అప్పా, కూచో. నీ ఇల్లే కదా" అంది. ఆయన కూర్చోలేదు. అమ్మ గొంతు పెంచకుండా, అల్లుణ్ణి యోగక్షేమాలు అడిగినట్టు అడగడం మొదలుపెట్టింది.

"మీ నాయనది గుంతలో కాళ్ళు పెట్టి నేసే మగ్గమా, పైన కూచొని నేసేదా?"

"అమ్మా, అది..."

"మీ ఇంట్లో కండెలు ఎవురు సుడతాండ్రి?"

ఆయన నా వైపు చూసినాడు. నేను చెప్పలేదు.

"కండె అంటే తెలుసునా అప్పా? మగ్గంలో అటూ ఇటూ పోయే నాడెలో పెట్టేది. దారం సుట్టి పెడతారు. మా ఇంట్లో నేను సుడతాంటి. మగ్గానికి ఆపక్క రాట్నం, ఈపక్క ఈ పాప. నీవు యాడ కూచుంటాంటివి?"

వంటామె వాకిలి పక్కన నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మొహం గట్టిపడింది. పెద్ద పెద్ద మీటింగుల్లో మాట్లాడే మనిషి కదా, గొంతు సర్దుకున్నాడు.

"చూడండమ్మా. సభలో మాట్లాడేటప్పుడు ఒక కథ కావాలి. పిల్లలకు స్ఫూర్తి కోసం. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. ఆ మాట విని ఎంతమంది పుస్తకం పట్టుకుంటారో. మీ అమ్మాయి చెప్తే ఎవరు వింటారు? నేను చెప్తే వింటారు."

"అది నిజమే" అంది అమ్మ. "నీవు చెబితేనే ఇంటారు. చెప్పు. ధర్మవరంలో ఒక మగ్గమాయన ఉండె, ఇట్లా చేస్తాండె అని చెప్పు. నీ నాయన అని యాల చెబుతావు?"

ఆయన అన్నాడు, అప్పటిదాకా నేను వినని గొంతుతో.

"నాకు అట్లాంటి నాయన లేడమ్మా. మా నాయన నన్ను ఒక్కరోజు కూడా పక్కన కూర్చోబెట్టుకోలేదు."

"లేకుంటే లేడని చెప్పు" అంది అమ్మ. "లేనోళ్ళు శానామంది ఉండారు. వాళ్ళకు ధైర్యమొస్తాది."

అట్లాంటి నాయన లేడన్న ఆ మాట ఒక్కటే ఆయన మనసులోంచి వచ్చిన నిజం. ఆ నిమిషంలో ఆయన మొహం చూసినా. వేరే ఎవరైనా అయితే జాలిపడేవాళ్ళు. నేను పడలేదు. ఇప్పటికీ పడలేదు. నాయన లేనివాడు ఇంకొకరి నాయన్ని ఎత్తుకుపోవడం నాకు తప్పుగానే కనపడుతుంది.

అమ్మ కుర్చీనుంచి లేచింది. పోయే ముందర ఇంకొకటి అడిగింది.

"సరే, కథ ఆడ నిలబడె, మగ్గం ఆగె. మగ్గం ఆగినప్పుడు ఆ మనిషి ఏం చేస్తాండె?"

ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. అన్నేండ్లు చదివినా, ఆ సంగతి నాకు తెలియదు.

"ఈ పాపకు గూడ తెలీదు" అంది అమ్మ. "ఇది బుక్కులోకి సూస్తాండె. నేను దీని నాయన మొగంలోకి సూస్తాంటి."

"ఏం చేసేవాడు?" అని అడిగినాడు మా సారు.

ఒక అడుగు ముందుకు వేసి అడిగినాడు. చేయి జేబులో ఫోను మీదికి పోయింది, రికార్డు చేసుకునేదానికి. అంత జరిగినాక, మనిషికి అదే గుర్తొచ్చింది. చేతిలో ఉన్న నవలను ఆయన మొహానికి విసరాలనిపించింది. పుస్తకం కాబట్టి విసరలేదు.

"చెప్పను" అంది అమ్మ.

గేటుదాకా నడిచి వచ్చినాం. ఆటో కోసం రోడ్డుపక్కన నిలబడినప్పుడు అడిగినా, నాయన ఏం చేసేవాడమ్మా అని.

"నీకూ చెప్పను" అంది. "నువ్వే గదా రాసిచ్చింది."



మళ్ళీ ఆ గేటు తొక్కలేదు. మీరిక రావద్దని ఆయన ఆఫీసునుంచి మెసేజీ వచ్చింది, నేను రానని నిర్ణయించుకున్న రెండు రోజులకు. కొన్ని నెలలకు ఆయన చదువుల జీవితం గురించి ఒక పుస్తకం వచ్చింది. హిందూపురంలో పుస్తకాల అంగట్లో నిలబడి తిరగేసినా. మొదటి అధ్యాయం మగ్గమే. లోపల ఇంకా ఎన్నో నా మాటలున్నాయి. ఆడమనిషి చేతిలో ఉన్నది విసిరేస్తుందన్న మాట కూడా ఉంది. నేను తుడవకముందే ఎవరో ఫోటోలు తీసిపెట్టుకున్నారు.

మాకు తెలిసిన ఒక లాయరు దగ్గరికి పోయినా. ఆయన అంతా విని, "రుజువు ఏముంది?" అన్నాడు.

"నా చేతిరాతతో ఆ పుస్తకాల్లో ఉండేది."

"ఉండేది అంటే?"

"తుడిచేసినా."

ఆయన నన్ను చూసిన చూపు నాకు గుర్తుంది. అంత చదువుకున్న మనిషివి, ఇదేం పని అని. నిజమే. వారం రోజులు కష్టపడి ఆ మనిషి పని నేనే సులువు చేసినా.

వంటామె ఇంకా అక్కడే చేస్తోంది. ఆమెకు ఇద్దరు ఆడపిల్లల చదువులున్నాయి. నేను మానమని చెప్పలేదు. బాగేపల్లి నుంచి కొత్త మేడమ్ వస్తోందని చెప్పింది.

"ఈతూరి పెన్సిలు కాదంటక్కా. పెన్నంట."

నేను ఇప్పుడు ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నా. పెండ్లిపత్రికలు, పాఠాల గైడ్లు, గుడి కరపత్రాలు. వాటిలో గీతలు గీయడమే నా పని కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు.

పోయిన డిసెంబరులో ఒక మధ్యాహ్నం ఫోనుకు మెసేజీ వచ్చింది. కొత్త నంబరు, కింద ఆయన పేరు. ఆఫీసువాళ్ళు పంపినారో, ఆయనే పంపినాడో తెలియదు. 'మేడమ్, బాగున్నారా? ఈ ఏడాది మీకు నచ్చిన తెలుగు పుస్తకాలు ఐదు చెప్పగలరా? ఒక్కొక్కదానికి రెండు లైన్లు చాలు' అని ఉంది.

అమ్మకు చదివి వినిపించినా. ఆమె చింతపండులో గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"లావుగా ఉండేవి చూసుకోమని చెప్పు" అంది.

నేను అది కూడా రాయలేదు. రాస్తే దాన్నీ వాడుకుంటాడు. ఆ నంబరు బ్లాక్ చేసి, ప్రెస్సులో సాయంత్రానికి ఇవ్వాల్సిన గైడు ముందర వేసుకున్నా. మొదటి పేజీలోనే ఆరు తప్పులున్నాయి.